కందిపప్పు సంచులు

తాండూరులో రైలెక్కిన అత్తాకోడళ్ళు మా ఎదుటి సీట్లో కూర్చున్నారు. కూర్చోగానే అత్త రెండు గుడ్డసంచులు తీసి కోడలి చేతుల్లో పెట్టింది. వాటి నిండా కందిపప్పు. "ఎత్తు బిడ్డా" అంది. కోడలు రెండు చేతులూ తలపైకి ఎత్తి, మెల్లగా దించి, మళ్ళీ ఎత్తింది.

ఎందుకని అడిగాను.

"రొమ్ము కాన్సరక్కా. వచ్చే నెలల ఆపరేషన్. అందాంక ఒంట్ల బలం పెంచుకోమని డాక్టరమ్మ చెప్పింది. గీ సంచులు మా అత్తనే కుట్టింది. రైల్ల గూడ జరసేపు ఊకె కూసోనిస్తలేదు" అని నవ్వింది.

నాకు అదే ఆపరేషన్ అయి ఏడాది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. కుళ్ళుకున్నాను, నిజం. ఆమె భుజాలను చూసి కాదు, పక్కనున్న ఆ ముసలమ్మను చూసి. జబ్బని తెలిసిన రోజే మా ఇంట్లో నా చేతిలోని చీపురు లాక్కున్నారు. చెంబెడు నీళ్ళు కూడా ముంచుకోనివ్వలేదు. ఆపరేషన్ దాకా మంచం మీదే ఉన్నాను. ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో అని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా.

వికారాబాదులో వాళ్ళు దిగారు. అత్త చేతులూపుకుంటూ ముందు నడిచింది. సామానంతా కోడలి చేతుల్లోనే ఉంది.

"పానం బాగలేని పిల్లతోని మోపిస్తున్నది, ఏం మనిషో!" అని మా ఆయన చిరాకుపడ్డాడు.

నా చేతిసంచి ఆయన భుజానికే వేలాడుతోంది. అందులో ఉన్నవి నా కళ్ళజోడు, ఒక చేతిరుమాలు.