ఇంజన్ గరమ్ కానియ్యి

మా ఆయనది ఆదిలాబాద్. ఈ ఒక్క ముక్క తెలిస్తే, సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో మా కారు రోజూ పొద్దున ఎందుకు ఆలస్యంగా కదిలేదో సగం అర్థమైపోతుంది. మిగతా సగం ఆయన మొండితనం.

మామగారికి ఒకప్పుడు డీజిల్ జీపు ఉండేది. ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు వైపు జనాన్ని తిప్పేవారు. అక్కడ చలికాలం పొద్దున్నే జీపును స్టార్ట్ చేయడం పెద్ద తతంగమట. తాళం సగం తిప్పి ఇంజన్ లోపలి హీటర్ వేడెక్కేదాకా ఆగాలి. స్టార్ట్ అయ్యాక ఆక్సిలరేటర్ తొక్కకుండా కాసేపు దాని మానాన దాన్ని వదిలేయాలి. తొందరపడి బయల్దేరితే ఎక్కడో ఎత్తు మీద ఆగిపోయి పగ తీర్చుకుంటుందని మామగారి సిద్ధాంతం. మాది భీమవరం దగ్గర. మాకు చలి అంటే ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోవడమే. అందుకని ఈ విషయంలో నా అభిప్రాయానికి ఇంట్లో ఎప్పుడూ విలువ లేదు.

సింగపూర్‌లో కారు కొన్న రోజున మా ఆయన షోరూం కుర్రాణ్ణి హీటర్ ఎక్కడుందని అడిగారు. అతను ఎంతో ఉత్సాహంగా ఏసీ చూపించాడు. ఏసీ కాదు, హీటర్ అన్నారు ఈయన. ఈ కారుకు హీటర్ ఉండదని, ఇక్కడ ఎవరూ అడగరని అతను చెప్పాడు. ఇంటికొచ్చేదాకా మా ఆయన ముఖం అదోలా పెట్టుకునే ఉన్నారు. పెళ్లిచూపుల్లో దాచిపెట్టిన లోపమేదో బయటపడ్డట్టు ఉంది ఆయన వాలకం.

రోజూ ఒకటే వరస. కారు చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూసేవారు. వంగి, కింద నూనె కారుతోందా, పిల్లి పడుకుందా అని చూసేవారు. సీటు సర్దుకుని, అద్దాలు సర్దుకుని, అందరం బెల్టులు పెట్టుకున్నామా అని వెనక్కి తిరిగి మరీ చూసి, బ్రేకు మీద కాలుంచి తాళం తిప్పేవారు. ఎదురుగా వెలిగిన ఎర్ర దీపాలన్నీ ఆరిపోయేదాకా చూసేవారు. ఇంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు. ఏ డ్రైవింగ్ స్కూల్లోనైనా ఇదే చెబుతారు. ఆ తర్వాతే అసలు ఘట్టం. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, సంధ్యావందనానికి కూర్చున్నవాడిలా కళ్లు సగం మూసుకుని, ఇంజన్ చప్పుడు వింటూ కూర్చునేవారు.

"ఏమండీ, నాకు ట్రైన్ తప్పిపోతుంది," అనేదాన్ని. నన్ను సెరంగూన్ స్టేషన్ దగ్గర దింపడం ఆయన పని.

"ఇంజన్ గరమ్ కానియ్యి. గంత తొందరేంది?"

వెనక సీట్లోంచి మా అమ్మాయి చెవుల్లోని ఇయర్‌ఫోన్స్ తీయకుండానే, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి, "డాడీ, బయట థర్టీ డిగ్రీస్ లా. ఇంజన్‌కి ఆల్రెడీ ఫీవర్," అనేది.

"బయట గరమ్ వేరు బిడ్డా, లోపలి గరమ్ వేరు."

ఇక్కడ బండి ఆపి ఇంజన్ ఆన్‌లో ఉంచడం నేరం. కార్ పార్క్ గోడ మీద బోర్డు కూడా ఉంది. మా పక్క స్థలంలో కారు పెట్టుకునే చైనీస్ అంకుల్ రోజూ అదే సమయానికి తన కారు తుడుచుకునేవాడు. మొదట్లో దగ్గాడు. తర్వాత బోర్డు చూపించాడు. చివరికి అద్దం మీద తట్టి, "స్విచ్ ఆఫ్ లా," అన్నాడు. "ఇంజన్ వెరీ కోల్డ్," అన్నారు మా ఆయన. అంకుల్ తుడిచే గుడ్డను భుజాన వేసుకుని, పిట్టగోడ అవతలి ఎండలోకి చెయ్యి చాపి, కాసేపు అలాగే ఉంచి చూసి, వెళ్లిపోయాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డిసెంబరు వానల్లో మాత్రం మా ఆయనకు మంచి రోజులు. ఇరవై మూడు డిగ్రీలు కనబడితే చాలు, స్వెటర్ వేసుకుని, "నేను చెప్పలేదా," అన్నట్టు నావైపు చూసేవారు.

అలా ఏళ్లు గడిచాక, కారు ఎడమవైపు గీతలు పడడం మొదలైంది. మొదటి గీత సెరంగూన్ షాపింగ్ మాల్ స్తంభానిది. రెండోది మా కార్ పార్క్ స్తంభానిదే. "ఈ పిల్లర్ ఈడ లేకుండె," అన్నారు. ఆ భవనం కట్టినప్పటి నుంచి అది అక్కడే ఉంది. నేనేమో దిష్టి తగిలిందనుకుని, నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చి ముందు బంపర్‌కు వేలాడదీశాను. అవి సెన్సర్‌కు అడ్డం పడి, కారు నిలబడ్డచోటే కీచుకీచుమని అరవసాగింది. మర్నాడే విప్పేశాను. గీతలు పడుతూనే ఉన్నాయి.

ఒక శనివారం పొద్దున కార్ పార్క్‌లోంచి బయటికి వస్తుంటే, చక్రాల సంచీ లాక్కుంటూ ఒక పెద్దావిడ ఎడమవైపు నుంచి అడ్డంగా వచ్చింది. నాకు స్పష్టంగా కనబడుతోంది. ఆయన బ్రేకు తొక్కుతారనుకున్నాను. తొక్కలేదు. నేను గట్టిగా అరిచాక తొక్కారు. ఆవిడ బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడి, మమ్మల్ని ఒకసారి చూసి, సంచీ సర్దుకుని వెళ్లిపోయింది. మా ఆయన ఇంజన్ ఆపేశారు. దారి మధ్యలో బండి ఆపకూడదని నాకు పాఠాలు చెప్పే మనిషి, దారి మధ్యలోనే ఆపేశారు.

"ఆమె ఏడికెళ్లి అచ్చింది?" అన్నారు.

"ఎడమవైపు నుంచండీ."

"నాకు కనవడలే."

ఆయన మాట్లాడింది నాతో కాదు, స్టీరింగ్‌తో. నాకు చాలా భయమేసింది.

కంటి ఆసుపత్రిలో ఒక పరీక్ష చేశారు. గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టి, లోపల ఎక్కడైనా చిన్న వెలుగు కనబడ్డప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. మా ఆయన హారన్ కొట్టినట్టు కొట్టారు. తలుపు పక్కన కూర్చున్న నాకు టిక్కుటిక్కుమని ఆగకుండా వినబడుతూనే ఉంది. యంత్రం దగ్గరున్న అమ్మాయి మర్యాదగానే, "అంకుల్, సీ ఓన్లీ దెన్ ప్రెస్, ఓకే?" అని మళ్లీ మొదటి నుంచి చేయించింది. రెండోసారి టిక్కులు చాలా తక్కువ వినబడ్డాయి.

గ్లకోమా అన్నాడు డాక్టరు. పక్క చూపు పోయిందట, ఎడమవైపు మరీ ఎక్కువగా. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు వాడాలి, ఇక డ్రైవింగ్ వద్దు. తల పూర్తిగా తిప్పి చూస్తే సరిపోదా అని మా ఆయన అడిగారు. ఆ ప్రశ్నను ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చారని నాకు అర్థమైంది. సరిపోదన్నాడు డాక్టరు.

ఇంటికి రాగానే తాళం నా చేతిలో పెట్టారు. నాకు లైసెన్సు ఉంది. ఎప్పుడో సరదాపడి తెచ్చుకుని పర్సులో దాచుకున్నాను. ఆయన పక్క సీట్లోకి మారారు గానీ నోరు మాత్రం డ్రైవర్ సీట్లోనే ఉండిపోయింది. "అద్దం చూసినవా? బ్రేకు మీద కాలు పెట్టినవా? లైట్లన్నీ ఆరినయా?" అని వరసగా అడిగేవారు. మలుపు దగ్గర మాత్రం గొంతు తగ్గించి, "ఎడమ దిక్కు నువ్వే చూస్కో, నాకు తెల్వది," అనేవారు.

నేను స్టార్ట్ చేయగానే కదిపేసేదాన్ని.

"గరమ్ కానియ్యవే."

"మీరు దిగి నిలబడి గరమ్ అవండి. నేను పోతున్నా."

ఒక్కోసారి నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఆయన బెల్టు లాగి చూసుకునేవారు.

ఇక్కడ కారు నడుపుకునే హక్కుకు పదేళ్ల గడువు ఉంటుంది. దాన్ని సీఓఈ అంటారు. గడువు తీరితే హక్కు మళ్లీ కొనుక్కోవాలి, లేదంటే కారును అప్పగించేయాలి. మా గడువు దగ్గరపడినప్పుడు ఆయనే అన్నారు, "ఎందుకిగ? నువ్వు రైల్ల పోతవ్, నేనూ రైల్లనే పోత." ఈ కారు పోతే ఆయనకు ఇక డ్రైవర్ సీటంటూ ఉండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మేము మాత్రం రైలు ఏసీ ఎంత చల్లగా ఉంటుందో మాట్లాడుకున్నాం.

చివరి రోజు పొద్దున్నే ఆయన తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. కారును ఆంగ్ మో కియోలో పాత కార్లను ముక్కలు చేసే ఒక యార్డులో అప్పగించాలి. కార్ పార్క్‌కు వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూశారు. వంగి కింద కూడా చూశారు. సాయంత్రానికి ముక్కలయ్యే బండికి నూనె కారితే ఎంత, కారకపోతే ఎంత అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఆయన వెళ్లి ఎడమవైపు తలుపు పట్టుకున్నారు.

"మీరు ఇటు కూర్చోండి," అన్నాను తాళం ఇస్తూ. "స్టార్ట్ చేసి పెట్టండి."

"డాక్టర్ వద్దన్నడు కదనే."

"నడపొద్దన్నాడు. వేడి చెయ్యొద్దనలేదు."

ఆయన కూర్చున్నారు. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. సీటు వెనక్కి జరుపుకున్నారు, అద్దాలు సర్దుకున్నారు. నేను బెల్టు పెట్టుకున్నానో లేదోనని, తల పూర్తిగా ఎడమకు తిప్పి చూశారు. బ్రేకు మీద కాలుంచి తాళం తిప్పారు. దీపాలన్నీ ఆరిపోయాక చేతులు స్టీరింగ్ మీద పెట్టుకున్నారు. పక్క స్థలంలోని అంకుల్ తుడవడం ఆపి మా అద్దం దాకా వచ్చాడు. మా ఇద్దరినీ చూసి, వెనక్కి వెళ్లి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

ఎదురుగా వేడి చూపించే ముల్లు కింద నుంచి మెల్లగా లేచింది. మధ్యకు వచ్చి నిలబడింది. అంతకన్నా పైకి అది ఎప్పుడూ వెళ్లదు.

"గరమైంది," అన్నారు ఆయన. చెయ్యి బెల్టు మీదికి వెళ్లింది. "రా, నువ్విటు కూసో. పోదాం."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనబడలేదు, నేను ఎడమవైపు ఉన్నాను కదా.

"ఇంకా కాలేదండీ," అన్నాను. "ఇంకాసేపు కానివ్వండి."