చర్చి పెరట్లో రాలిన తులసాకు

ఇలా దగ్గరకి జరిగి కూర్చోండి, చాప మీద ఇంకా చోటుంది. వంటింట్లో కోడలు మనవడి దగ్గుకి తులసి కషాయం కాస్తోంది. ఆ ఘాటు ముక్కుకి తగిలేసరికి ఈ ఇల్లూ, ఈ బరంపురం వీధీ వెనక్కిపోయి, చిన్నప్పుడెప్పుడో గంజాం దారిలో చూసిన ఒక చర్చి పెరడు కళ్ల ముందు నిలబడింది. చెబుతాను, వినండి.

అప్పటికి మా ఊరు మద్రాసు నుంచి విడిపోయి కొత్తగా ఒరిస్సాలో కలిసింది. మా నాన్న కొట్లో, బెల్లం బుట్టల మధ్య, మిరపకాయల ఘాటుకి తుమ్ముకుంటూ పెద్దలంతా ఇక మన గతేమిటని వాదించుకునేవారు. మా మామ్మకి మాత్రం ఏ రాజ్యమొచ్చినా ఏకాదశి ఏకాదశే. నాన్నకి పసితనంలో మశూచి పోసి ఇక దక్కడనుకున్నప్పుడు, బిడ్డ బతికితే ఏకాదశులన్నీ ఉపవాసం ఉంటానని ఆవిడ మొక్కుకుంది. ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. మర్నాడు ద్వాదశి ఘడియలు దాటకముందే తులసి నీళ్లు తాగి ఉపవాసం విడవాలి, అదే పారణ. వేళ తప్పితే మొక్కు చెడుతుందని, ఆ కీడు కొడుక్కే తగులుతుందని ఆవిడ భయం.

గంజాంలో మా మేనత్త నీళ్లాడి, పురుడు వెళ్లాక, బిడ్డను చూడడానికి మామ్మా నేనూ బయల్దేరాం. రైల్లో మడి నిలవదని మామ్మ ఎడ్లబండి కట్టించింది. ఏకాదశి రాత్రి ఛత్రపురం సత్రంలో పడుకుని, ఆదివారం తెల్లవారుతూనే బండెక్కాం. ద్వాదశి మొదటి ఘడియలు వెళ్లనిదే పారణ చెయ్యకూడదు, బారెడు పొద్దెక్కితే వేళ దాటిపోతుంది, ఆలోపే అత్త ఇల్లు చేరాలి. వానలు వెనకబట్టిన రోజులు, దారికి రెండు పక్కలా మొగలి పొదలు, ఆ తియ్యటి వాసన వెనకాలే ఎండుచేపల వాసన వస్తే మామ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. ఆవిడ ఒళ్లో మూతపెట్టిన రాగిచెంబు, అందులో ముందునాడే కోసి వేసుకున్న తులసి దళాలు.

ఇసకదారిలో ఒక గుంటలో ఫెళ్లుమని చప్పుడైంది. బండి ఒరిగింది, చెంబు దొర్లింది, నీళ్లు ఇసకలో ఇంకాయి, దళాలు సరిగ్గా ఎద్దు వేసిన పేడలోనే పడ్డాయి.

“ఇరుసు ఇరిగిపోనాదమ్మా,” అన్నాడు బండి తోలే అప్పన్న.

“పొద్దెక్కిపోతంటే ఇప్పుడు సెప్తావేట్రా!”

“అదేటి నాతో సెప్పి ఇరిగిందేటమ్మా?”

అల్లంత దూరంలో తాటాకు కప్పు, దాని మీద కర్ర సిలువ, లోపల్నుంచి తెలుగు పాట. చేపలు పట్టే పల్లెకారుల చర్చి అది. వేరే నీడ లేక వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాం. పాట సాగుతుండగానే తెల్లచీర కట్టుకున్న ఒకావిడ గబగబా బయటికొచ్చింది. అక్కడి పాదిరిగారి భార్య, పేరు రూతమ్మ.

“ఎండలో నిలబడ్డారేటమ్మా, లోపలికి రండి. ఈయేల మా గుడికి సుట్టాలొచ్చినారు!”

“మడిలో ఉన్నాను, ముట్టుకోకు,” అంది మామ్మ.

ఆ మాట ఎంత గుచ్చుకోగలదో పెద్దయ్యాక తెలిసింది నాకు. రూతమ్మ మాత్రం నవ్వి ఒక అడుగు వెనక్కి వేసి, “ముట్టుకోన్లెండి. నీడనైతే కూకోండి,” అని అరుగు చూపించింది. నాకు చేటలో మరమరాలూ కొబ్బరిముక్కలూ పెట్టింది. నేను తింటుంటే మామ్మ చూడనట్టు అటు తిరిగి కూర్చుంది.

సంగతేమిటని అడిగి తెలుసుకుని, “తులసా! పిల్లల దగ్గుకని మా పెరట్లోనే ఏసుకున్నాం,” అంటూ రూతమ్మ పరుగెత్తి దోసెడు రెమ్మలు తుంచుకొచ్చింది. మామ్మ నెత్తి కొట్టుకుంది.

“అయ్యో, ద్వాదశి పూట తులసి కోసేసినావేటమ్మా! కొయ్యకూడదు!”

రూతమ్మ ముఖం చిన్నబోయింది. “నాకు తెలీదు తల్లీ. మరిప్పుడు ఏటి సెయ్యాల?”

“దానంతటది రాలిన ఆకైతే పనికొస్తాది.”

రూతమ్మ చర్చి గుమ్మంలోకి వెళ్లి భర్తతో ఏదో చెప్పింది. ఆయన చేతిలో పుస్తకం మూశాడు. అంతే, ఉతికిన చొక్కాలు తొడుక్కుని ఆదివారపు ఆరాధనకొచ్చిన పల్లెకారులూ, వాళ్ల ఆడవాళ్లూ, పిల్లలూ అందరూ పెరట్లోకొచ్చి, ఎవరో తెలియని ఒక ముసలమ్మ మొక్కు కోసం నడుములు వంచి నేల వెతకడం మొదలుపెట్టారు. చూపు ఆనని ఒక తాత ఆకు పట్టుకొస్తే, “అది ఏపాకు తాతా! నీ కళ్లూ నువ్వూ!” అని పిల్లలు పకపకా నవ్వారు. చివరికి ఒక పిల్లకి తులసి మొదట్లో వాడీవాడని ఆకొకటి దొరికింది. తాకితే మామ్మ తీసుకోదని తనకై తనే గ్రహించి, దాన్ని బాదం ఆకుతో ఎత్తి మామ్మ ముందు నేల మీద పెట్టింది.

ఇక నీళ్లు. మామ్మ తనే నూతిలో చేద వేసింది కానీ, ఎండిపోయిన ప్రాణం, సత్తువ చాలక తాడు పైకి రాలేదు.

“అమ్మా, నాను ఎనకనుండి కొస అట్టుకుంటాను. మీ సేతికి నా సెయ్యి తగలనివ్వను,” అంది రూతమ్మ.

మామ్మ పొద్దు వంక చూసింది, తాడు వంక చూసింది. “లాగు,” అంది.

చెంబులో ఆకు వేసుకుని, కళ్లు మూసుకుని మామ్మ నీళ్లు తాగింది. ఆవిడ గొంతు కదలడం అంతమందీ నిలబడి చూశారు. అప్పుడు పాదిరిగారు దగ్గరకొచ్చి, దారిన వచ్చిన చుట్టాల పేరు చెప్పి ప్రార్థన చేసుకోవడం తమ అలవాటని, పేరు చెప్పమని అడిగారు.

“నా పేరెందుకు బాబూ,” అంది మామ్మ, “మా అబ్బాయి పేరు సెప్పండి. జగన్నాథం.”

అందరూ మళ్లీ లోపలికి వెళ్లి తాటాకు కప్పు కింద నిలబడి, “ప్రభువా, జగన్నాథాన్ని సల్లగా సూడు,” అన్నారు. అరుగు మీద కూర్చున్న మామ్మ, ఎవరికో ఏమోగానీ, రెండు చేతులూ జోడించింది.

మా నాన్న పండు ముసలితనం దాకా బతికి పోయాడు. బతికినన్నాళ్లూ మామ్మ ప్రతి పారణకీ ఇంట్లోవాళ్ల పేర్లన్నీ తలుచుకుని, చివర రూతమ్మ పేరు తలుచుకునేది. ఇప్పుడా దారి తారురోడ్డు, బస్సులు ఆగకుండా దూసుకుపోతాయి. తాటాకు చర్చి ఏ తుఫానుకి పోయిందో, నుయ్యి ఎప్పుడు పూడ్చారో చెప్పేవాళ్లు లేరు. ఇరుసు విరిగి ఒకరి వాకిట్లో దిగే ప్రయాణాలే పోయాయి.

మీ ఇంట్లో పొయ్యి చల్లారకూడదు, నూతిలో ఊట తగ్గకూడదు. దారిన పోయేవాళ్లు జంకు లేకుండా మీ అరుగెక్కాలి. మీరెన్నడూ చూడని మనుషులు కూడా మీ పిల్లల్ని పేరుపెట్టి చల్లగా దీవించాలి.