పడ్డవాణ్ని లేపే తండా

పడ్డవాడు చెడ్డవాడు కాడంటారు. సినిమాల్లో మాత్రం పడ్డవాడే చెడ్డవాడు. ఇరవై ఏళ్లుగా ఆ చెడ్డవాణ్ని నేనే. జనగామ బడి మైదానంలో కరాటే నేర్చుకున్నది నలుగురిని కొడదామని. తీరా నలుగురిలో కొట్టించుకోవడమే నా వృత్తి అయింది. లింగాల ఘనపూర్‌లో మా అవ్వ నా సినిమాలు చూడటం మానేసింది. "అన్నిట్ల తన్నులు తినుడేనా బిడ్డా, ఒక్కదాంట్లనన్న జర బువ్వ తిను" అని ఆమె బాధ.

అలాంటి నాకు ఫైట్ మాస్టర్‌గా మొదటి అవకాశం వచ్చింది. నెల్లికుదురు దగ్గర ఒక తండాలో, మిర్చి కల్లంలో షూటింగ్. ఈ ఒక్క ఫైటు కుదిరితే మిగతా ఫైట్లన్నీ నావి. లేదంటే పట్నం మాస్టర్ వస్తాడు. పొద్దుటినుంచి నా కాళ్లు ఒకచోట నిలవలేదు. చేతిలో చాయ్ చల్లారిపోయినా కల్లం చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

విలన్ మనిషిగా నేనే వేషం కట్టాను. హీరో తంతే నేను ఎగిరి బస్తాల మీద పడాలి. తండావాళ్లు బెదిరిపోయి చూస్తూ నిలబడాలి.

పడ్డాను. ఒక అక్క నీళ్లచెంబుతో ఉరికొచ్చింది. ఇద్దరు మగవాళ్లు నా చంకల్లో చేతులు వేసి లేపారు.

"కట్!"

"ఇది ఉత్తుత్తదే అక్కా" అన్నాను.

"ఎరుకే అన్నా."

మళ్లీ పడ్డాను. మళ్లీ చెంబు. మూడోసారీ అంతే. డైరెక్టర్ ఎండవైపు చూశాడు. "మాస్టర్, ఇంకో గంటల వెలుగు పోతది. పట్నంకు ఫోన్ చెయ్యాల్నా?"

"ఎరుకైతే ఎందుకురుకుతున్నవక్కా?" అని గొంతు పెంచాను. ఆమె పక్కామెతో తమ భాషలో ఏదో అని నవ్వి, నాతో తెలుగులో అంది: "నాకెరుకే అన్నా. నా కాళ్లకే ఎరుక లేదు."

నా కాళ్లే నా మాట వినడం లేదు, ఆమె కాళ్లను ఏమని తిట్టను?

డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. "వాళ్లను ఆపొద్దు సార్. ఉరకనియ్యున్రి."

"విలన్ మనిషిని ఊరోళ్లు లేపుడేంది?"

"ఊర్లల్ల గిట్లనే సార్. ముందు లేపుతరు. మనోడా కాదా అని ఆనక అడుగుతరు."

"సరే, ఒక్కసారి చూద్దం" అన్నాడు డైరెక్టర్. హీరోకు మాత్రం మేం ఏమీ చెప్పలేదు. తన్నాడు, పడ్డాను, చెంబు వచ్చింది. రెండో దెబ్బకు ఎత్తిన అతని చెయ్యి అక్కను చూసి గాల్లోనే ఆగింది, మెల్లగా కిందికి దిగింది. నేను నీళ్లు తాగుతూనే ఉన్నాను. చెంబు ఖాళీ అయ్యాకే "కట్" వినబడింది.

డైరెక్టర్ మానిటర్ తెర మీద ఆ షాట్ మళ్లీ వేయించుకుని చూశాడు. చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "తర్వాత భూపాలపల్లిల తీసే ఫైట్ గూడ నువ్వే ఆలోచించు మాస్టర్."

అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది. "అయిపోయిందా అన్నా, చెంబు నింపుకొని రావాల్నా?"