పైట మీది బ్రోచి

పైటకు గుచ్చుకునే బ్రోచిలంటే నాకు పిచ్చి. ఆ రోజు జమ్మలమడుగు బస్సులో పెట్టుకున్నది ఇత్తడిది. పువ్వూ కాదు, పక్షీ కాదు, ఏవో వంకర గీతలు. ఎదురుసీటు మీసాలాయన దాని మీంచి చూపు తిప్పడం లేదు. దొంగే అనుకున్నాను. బంగారానికి పేరుమోసిన ప్రొద్దుటూరు ఆడది ఇత్తడి పెట్టుకుందంటే ఏ దొంగ నమ్ముతాడు? బ్రోచి కనబడకుండా ఒళ్లోని చంటిబిడ్డను రొమ్ముకు గట్టిగా అదుముకున్నాను. బిడ్డ గుక్కపట్టింది. ఆయన చటుక్కున లేచి నా మీదికి వంగాడు. కెవ్వుమన్నాను.

"అరవాకమ్మా! ఆ పిన్ను ఊడిండాది. పరాయి ఆడమనిషికి పైట సంగతి ఎట్ల చెప్పేదని ఇంతసేపూ గమ్మునుంటి. బిడ్డను ఇవతలికి తీయి!"

తీశాను. తెరుచుకున్న సూది మొన బిడ్డ కంటికి వెంట్రుకవాసి దూరంలో ఉంది.