మావయ్యగారి ఉష్ణోగ్రతల పుస్తకం

మా మావయ్యగారు స్నానం చెయ్యకుండా ఆ పుస్తకం ముట్టుకునేవారు కాదు. దేవుడి పటాలకి ఒక్కోరోజు పూలు పెట్టడం మర్చిపోయేవారేమో గాని, దీని విషయంలో మాత్రం మడి తప్పేవారు కాదు. పొద్దున్నే వేణ్ణీళ్ళు పోసుకుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని, పెరట్లో ఉత్తరం గోడకి మేకు కొట్టి తగిలించిన థర్మామీటరు దగ్గరికి వెళ్ళేవారు. కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుని అంకె చూసి, లోపలికొచ్చి పుస్తకంలో రాసేవారు. ఎండ తగలకూడదని ఉత్తరం గోడ ఎంచుకున్నానని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాది అప్పనపల్లికి దగ్గర్లోని ఊరు. ఉద్యోగం అయిపోయిన మర్నాటి నుంచే ఈ రాత మొదలుపెట్టారట. నేను అమలాపురంలో ఒక కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: "సగటు తియ్యడం వచ్చా అమ్మా?" వచ్చండి అన్నాను. అంతే, సంబంధం ఖాయం. నన్ను చేసుకున్నది మీరు కాదండీ, మీ నాన్నగారి నోటుపుస్తకం అని మావారిని ఇప్పటికీ దెప్పుతుంటాను.

మాకిద్దరికీ అన్నిట్లోనూ పడేది, ఒక్క విషయంలో తప్ప. భూమి వేడెక్కడానికి మనిషే కారణమన్న మాట చెవిన పడితే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. పేపరు మడిచి అవతల పడేసేవారు.

"మనిషి అంత మొనగాడా అమ్మా? ఒడ్డున కూర్చుని చెంబుతో తోడేసి, గోదారి నేనే ఎండగట్టేనన్నట్టుంది వీళ్ళ వరస. మా చిన్నప్పుడు ఎండలు కాయలేదా? అప్పుడెవడు చేసేడు?"

ఊరికే అనడం కాదు, ఆయన దగ్గర సాక్ష్యం ఉంది. గత అయిదారేళ్ళుగా ఆయన పుస్తకంలో పొద్దుటి ఉష్ణోగ్రత తగ్గింది. సెంటర్లో టీకొట్టు దగ్గర ఈ సంగతి చెప్పి ఎంతమంది నోళ్ళు మూయించారో లెక్కలేదు. ఒక్క గోడ మీది అంకె ప్రపంచం సంగతి చెప్పదండీ అని నేను అనబోతే, "ప్రపంచమంటే ఏంటమ్మా? మన పెరడులాంటివే బోల్డు పెరళ్ళు కదా!" అనేవారు. నా దగ్గర జవాబు ఉండేది. ఆయన గొంతు ముందు అది నిలబడేది కాదు. నాకు కోపం వచ్చి వంటింట్లో గిన్నెల మీద చూపించేదాన్ని.

మొన్నటి చలికాలం చివర్లో ఆయన పనిచేసిన హైస్కూలు నుంచి హెడ్మాస్టారు ఇంటికొచ్చారు. ఒకప్పుడు ఈయన శిష్యుడే. సైన్సు డేకి వచ్చి, భూమి వేడెక్కడం గురించి పిల్లలకి చెప్పాలని, ఇన్నేళ్ళ ఆ పుస్తకం కూడా చూపించాలని అడిగారు. మావయ్యగారి ముఖం వెలిగిపోయింది. హెడ్మాస్టారు వీధి మలుపు తిరగకుండానే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు.

"రెండు వారాల టైముందమ్మా. పెద్ద చార్టు మీద గ్రాఫు గీసిపెట్టు. వెనక బెంచీలోవాడికి కూడా కనపడాలి, తగ్గిందని."

సరేనన్నాను. కాలేజీ నుంచి వచ్చాక రోజూ కాసేపు కూర్చుని చలికాలం అంకెలన్నీ చార్టు మీదికి ఎక్కించాను. ఎక్కిస్తున్నకొద్దీ ఏదో తేడాగా అనిపించింది. మొదటి పన్నెండేళ్ళు గీత ఒక ఎత్తులో నడిచింది. తర్వాత ఒకానొక పుష్యమాసంలో ఒక డిగ్రీ పైచిలుకు దిగిపోయి, ఇక అక్కడే ఉండిపోయింది. వేడి నిజంగా తగ్గితే గీత మెల్లగా జారుతుంది గాని ఇలా మెట్టు దిగదు. థర్మామీటరు గాని మార్చారా అని అడిగాను. "అదే థర్మామీటరు, అదే మేకు, అదే గోడ," అన్నారు గర్వంగా.

ఇంకో వింత కూడా ఉంది. మెట్టు దిగకముందు, అక్కడక్కడా ఎనిమిది రోజులో పది రోజులో అంకెలు గుంటలో పడినట్టు తగ్గి, మళ్ళీ పైకి లేచాయి. ఆ గుంటలన్నిటికీ ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. మా అత్తయ్యగారు పక్కనే కూర్చుని పనసపొట్టు కొడుతున్నారు. కత్తి ఆపి, "ఏంటమ్మా ఆ సున్నాలు?" అని అడిగారు. ఊరికే మొదటిదాని నెలా, ఏడాదీ చదివాను.

"అది చిన్నమ్మాయి రెండో పురుడికి నేను రాజోలు వెళ్ళినప్పుడు కదా," అన్నారు.

రెండోది చదివాను. "అప్పుడు మా తమ్ముడి కూతురి పెళ్ళి. కొత్తపేటలో పదిరోజులున్నాను."

పెన్సిల్ కింద పెట్టి మూడోది చదివాను. "అది నాకు టైఫాయిడ్ వచ్చి ఆస్పత్రిలో ఉన్నప్పుడమ్మా. ఎలా మర్చిపోతాను?"

"మీరు ఇంట్లో లేనప్పుడు మావయ్యగారికి నీళ్ళు ఎవరు కాచేవారండీ?" అని అడిగాను.

"ఎవరు కాస్తారు? చన్నీళ్ళే పోసుకునేవారు. ఆయనకి పొయ్యి రాజెయ్యడం ఎక్కడొచ్చు?"

చార్టు వదిలేసి పెరట్లోకి పరిగెత్తాను. ఉత్తరం గోడకి ఇవతల థర్మామీటరు. అదే గోడకి అవతల, పాత నీళ్ళగదిలో, గోడకి ఆనించి కట్టిన నీళ్ళపొయ్యి. పన్నెండేళ్ళపాటు రోజూ తెల్లవారుజామున అత్తయ్యగారు అందులో కొబ్బరి డొక్కలు వేసి రాగికాగులో నీళ్ళు కాచారు. ఆయన ఆ నీళ్ళు పోసుకుని, శుచిగా వచ్చి, వేడెక్కిన గోడ మీద అంకె చూసి రాసుకున్నారు. తర్వాత ఒక చలికాలం ఆవిడకి దగ్గు పట్టుకుంటే డాక్టరు పొగ దగ్గరికి వెళ్ళొద్దన్నారు, మావారు గీజరు పెట్టించారు. అది ఏ నెలలోనో మావారిని అడిగాను. మెట్టు దిగిన నెలే.

నిజం చెప్పాలి, ముందు నాకు సంతోషం వేసింది. ఇన్నేళ్ళ వాదనలో మొదటిసారి గెలిచాను. ఆ సంతోషం అన్నం తినేంతసేపు కూడా నిలవలేదు. ఈ గ్రాఫు పట్టుకుని ఆయన స్టేజీ ఎక్కితే, ఏ సైన్సు టీచరో పట్టేసుకుంటే, తను పాఠాలు చెప్పిన బడిలోనే తలదించుకోవాలి. ఎవరూ పట్టుకోకపోతే, అంతమంది పిల్లలు తప్పు నమ్మి ఇంటికెళ్తారు. చెబుదామా అంటే అది ఆయన పద్దెనిమిదేళ్ళ కష్టం. మావారిని సలహా అడిగితే, "నన్ను మధ్యలోకి లాగకు," అని కొబ్బరి లోడు వంక పెట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న ఆయన అంకె రాసి పెన్ను మూత పెట్టాక చెప్పాను. మొత్తం విన్నారు. లేచి వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి, "నువ్వు అంకెలు చదవలేదమ్మా. నా మీద గెలవడానికి చదివేవు," అన్నారు. అందులో సగం నిజం ఉంది కాబట్టి నాకు ఇంకా బాధేసింది.

ఆ రోజు ఆయన టీకొట్టుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం అత్తయ్యగారు నా పక్కన కూర్చుని మెల్లగా అడిగారు, "నా పొయ్యి వల్ల ఆయన పుస్తకం పాడైపోయిందా అమ్మా?" నాకు ఏడుపొచ్చింది. కాదండీ అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ముఖం తేటపడలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే ఇల్లంతా పొగ. దగ్గుతూ లేచి చూస్తే, మావయ్యగారు నీళ్ళగదిలో పంచె ఎగ్గట్టుకుని పొయ్యి ముందు కూలబడి ఊదుతున్నారు. అత్తయ్యగారు గుమ్మం అవతల, పొగకి దూరంగా పీట వేసుకుని కూర్చుని ఉన్నారు.

"డొక్కలు అలా కుక్కేస్తే మండవండీ. కొంచెం సందు వదలండి. అదిగో, మళ్ళీ ఆర్పేసేరు!"

"నువ్వు ఊరుకుందూ. ఇది ప్రయోగం."

కోపంతో కాదు, పట్టుదలతో చేస్తున్నారని అర్థమయ్యేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. అంతకు ముందురోజు సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా అమలాపురం బస్సెక్కి వెళ్ళి అలాంటి థర్మామీటరే ఇంకొకటి కొనుక్కొచ్చారట. కాసేపు రెండూ పక్కపక్కన పెట్టి ఒకే అంకె చూపిస్తున్నాయని తేల్చుకుని, కొత్తదాన్ని ఇంటికి దూరంగా కొబ్బరితోటలో, చిన్న పందిరి నీడలో తగిలించారు. ఒకరోజు పొయ్యి, ఒకరోజు గీజరు. ఎనిమిది రోజులు అలా నడిచింది. పొయ్యి వెలిగించిన రోజుల్లో గోడ మీది అంకె తోటలో దానికంటే ఎక్కువ. గీజరు రోజుల్లో రెండూ ఇంచుమించు ఒకటే. ఎనిమిదో రోజుకి ఆయనకి పొయ్యి రాజెయ్యడం కూడా వచ్చేసింది.

ఆ సాయంత్రం నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"అయితే పొయ్యి వేడి తీసేస్తే నా పుస్తకం ఏం చెబుతోందమ్మా?"

"పెరిగిందనీ చెప్పదండి, తగ్గిందనీ చెప్పదండి. పొయ్యి రోజూ ఒకేలా మండదు కదా, ఎంత తీసెయ్యాలో మనకి తెలీదు."

ఆయన నా వైపు ముందుకి వంగారు. "మరి ఆ శాస్త్రవేత్తల గోడల వెనక మాత్రం పొయ్యిలుండవా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను వాదన కోసం కాకుండా తెలుసుకోవడం కోసం అడిగిన మొదటి ప్రశ్న అది. ఉంటాయండీ అన్నాను. పరికరం చోటు మారుతుంది, చుట్టూ ఊరు పెరుగుతుంది. అందుకే వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ అంకెలతో పోల్చి చూస్తారు, సముద్రం మీద విడిగా కొలుస్తారు, ఒకరు చేసిన లెక్క ఇంకొకరు వేరే దారిలో చేసి చూస్తారు. ఇన్ని చేసినా వేడి పెరిగిందనే తేలింది. అది మనిషి పనేనని ఎలా చెప్పగలరని ఆయన అడిగారు. సూర్యుడే కారణమైతే పైపొరల్లో గాలి కూడా వేడెక్కాలండీ, కానీ కింద వేడెక్కుతుంటే చాలా పైన చల్లబడుతోంది, వేడి కిందే చిక్కుకుపోతోందన్నమాట అన్నాను. గాలిలో పెరిగిన బొగ్గుపులుసు వాయువుని పరీక్షిస్తే, అది ఎంతో కాలంగా భూమిలో ఉన్న బొగ్గూ చమురూ మండితే వచ్చిందేనని ఆనవాలు దొరుకుతోందని కూడా చెప్పాను.

"ఆ వాయువు వేడిని పట్టి ఉంచుతుందని ముప్ఫయ్యేళ్ళు నేనే పాఠం చెప్పేను," అన్నారు. "చెప్పేను గాని, నమ్మలేదు."

తర్వాత, "అంటే వాళ్ళు పొయ్యి ఎక్కడుందో వెతికేరన్నమాట. నేను వెతకలేదు," అన్నారు.

"ఆయ్," అన్నాను.

"రేపు హెడ్మాస్టారికి ఫోన్ చేసి, నేను రానని చెప్పేస్తాను."

నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు అందుకున్నారు. ఆయన మాటకి ఆవిడ ఎదురు చెప్పడం నేను చూసింది తక్కువ.

"ఎందుకు వెళ్ళరండీ? పిల్లలు లెక్క తప్పు చేస్తే కొట్టేసి మళ్ళీ చెయ్యమనేవారు కదా మీరు. మీకో రూలూ వాళ్ళకో రూలూనా?"

ఆయన ఆవిడ వంక చూసి, "అయితే నువ్వూ రా," అన్నారు.

సైన్సు డే రోజున బడి ఆవరణలో షామియానా వేశారు. అత్తయ్యగారూ నేనూ రెండో వరసలో కూర్చున్నాం. నేను గీసిన చార్టు, ఎర్ర సున్నాలతో సహా, బోర్డుకి తగిలించారు. ఆయన మైకు సర్దుకుని ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టారు.

"టీకొట్టు దగ్గర నేను ఇన్నాళ్ళూ చెప్పింది తప్పు. మీ ఇళ్ళల్లో మీ తాతలు అది నమ్మి ఉంటే వాళ్ళకి చెప్పండి, మాస్టారు తప్పని ఒప్పుకున్నాడని."

పిల్లలు నవ్వారు. ఆయన గోడ గురించి, పొయ్యి గురించి, ఎనిమిది రోజుల ప్రయోగం గురించి చెప్పారు. పొయ్యి గోడని వేడెక్కించడమూ, గాలిలో వాయువు పేరుకుని భూమి వేడెక్కడమూ ఒకటి కాదని నా గొంతు దాకా వస్తుంటే ఆ మాట ఆయనే చెప్పేశారు. "నా పొయ్యి దేనికీ రుజువు కాదు. రుజువు ఎలా వెతకాలో నేర్పింది, అంతే. అలా వెతికినవాళ్ళకి భూమి వేడెక్కించేది మనిషేనని తేలింది. ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నాను," అన్నారు. ఆ పూట ఆయన కోడలినైనందుకు నాకు పట్టరానంత గర్వంగా అనిపించింది.

అప్పుడు బెత్తం తీసుకుని ఎర్ర సున్నాలు ఒక్కొక్కటే చూపించారు.

"ఇవి మా ఆవిడ ఇంట్లో లేని రోజులు. వాన పడితే రాసేను, మబ్బు పడితే రాసేను. తెల్లారగట్ల నాకంటే ముందు లేచి, పొగలో కూర్చుని నాకు నీళ్ళు కాస్తున్న మనిషి సంగతి ఒక్క పేజీలోనూ రాయలేదు. ఈ పుస్తకంలో పెద్ద తప్పు అదే."

పిల్లలు చప్పట్లు కొడుతుంటే నేను అత్తయ్యగారి వైపు తిరిగాను. కళ్ళు తుడుచుకుంటారనుకున్నాను. ఆవిడ చీర కొంగు సర్దుకుంటూ, స్టేజీ మీదున్న ఆయన్నే చూస్తున్నారు.

"నీళ్ళు సరిపోయేయా అండీ అని రోజూ గుమ్మం దగ్గర నిలబడి అడిగేదాన్నమ్మా," అన్నారు. "ఏనాడూ పలికేవారు కాదు. ఇదిగో, ఇవాళ పలికేరు."