పసుపునీళ్ళు పడ్డ మూత

మొన్న మధ్యాహ్నం టీవీ బోర్డుల మీద వంగి వంగి మెడ పట్టేసి, ఇక ఈ పూటకి చాలనుకుని కొట్టు షట్టర్ దించబోతుంటే, భోగాపురం దిగువన సముద్రపొడ్డు పల్లె నుంచి ఒకాయన పాత యాంప్లిఫయర్‌ని గోనెసంచిలో పెట్టి తెచ్చాడు. బాగుచెయ్యడానికి కాదు, పనికొచ్చే సామాను విప్పుకుని మిగతాది పారెయ్యమని. సంచిలోంచి తియ్యగానే, పైమూత మీద అట్టలు కట్టిన పసుపూ కుంకుమా చూసి దాన్ని గుర్తుపట్టాను.

డిప్లొమా పూర్తిచేసి విజయనగరంలో మా మావయ్య రిపేరు కొట్టులో చేరిన కొత్తలో అది మా బల్ల మీదికి తరచుగా వచ్చేది. నాతో పాటు ఈ పని నేర్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏది చెడినా విప్పి చూసేవాళ్ళం. ముందు ఫ్యూజు, తర్వాత పవర్ సప్లై వోల్టేజి, ఆ తర్వాత అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు, చివరికి మైకు వైపు బోర్డు. ఆ వరస తప్పితే నాకు చెయ్యి ఆడేది కాదు.

ఆ యాంప్లిఫయర్ పల్లె రామమందిరంలో ఉండేది. చలికాలం మంచు కమ్మి ఒడ్డు కనబడనప్పుడు, వేటకెళ్ళిన పడవలు దిక్కు పోల్చుకునేలా ఒక మామ్మ మైకు ముందు కూర్చుని పేరుపేరునా పిలిచేది. ఆమె కొడుకూ ఆ పడవల్లోనే ఉండేవాడు.

దాని జబ్బెప్పుడూ ఒకటే, ముందు గరగర, ఆ తర్వాత మూగ. ఎప్పుడు విప్పినా మొదటి మూడూ సవ్యంగానే ఉండేవి, మైకు బోర్డు మీద రాగి గీతలే చిలుము పట్టి తెగిపోయేవి. ఉప్పుగాలి పనే అనుకుని కడిగి, ఆరబెట్టి, తెగినచోట అతికించి పంపేవాణ్ణి. మళ్ళీ వచ్చేది. ఒక మంచు పొద్దున అది నోరు మూసుకుంటే, మామ్మ కొడుకు పడవ దారి తప్పి ఎక్కడో రాళ్ళకి తగిలిందట, మనిషి మాత్రం బయటపడ్డాడట. మావయ్య విసిగిపోయి, "ఒరే, పెద్ద సదువు సదివినావు కదా, ఎల్లి నువ్వే బిగించి రా" అన్నాడు.

వెళ్ళి బిగించాను. స్విచ్చి వేసేలోగా మామ్మ చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి, కొత్త పడవకి చల్లినట్టే దాని నెత్తిన చల్లింది. వేడి పోవడానికి మూతకున్న కంతల్లోంచి నీళ్ళు తిన్నగా మైకు బోర్డు మీదికి దిగాయి. బాగై వచ్చిన ప్రతిసారీ దానికి ఈ మర్యాద జరుగుతోందన్నమాట. అలా చల్లకూడదని నాకు చేతనైనంత వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "పనికెల్లేదానికి పసుపునీల్లు సల్లకుండా ఎలాగ పంపుతామురా బాబూ? దీని గొంతు ఇనే కదా నా కొడుకు ఒడ్డుకొస్తాడు" అంది.

నేను మళ్ళీ మరలు విప్పి, మూతొక్కటే తీసి పీట మీద పెట్టి, పూజ దీనికి చెయ్యమన్నాను. ఆమె మూతనీ నన్నూ మార్చి మార్చి చూసి, "తలకాయొక్కదానికే తానమేటిరా" అని నవ్వింది. అయినా చల్లింది, బొట్టు పెట్టింది. నేను తడి అద్ది, ఎండలో ఆరబెట్టి బిగించాను. అది మళ్ళీ మా కొట్టుకి రాలేదు.

ఇన్నేళ్ళకి మొన్న వచ్చింది. మూత తీస్తే లోపల బోర్డు శుభ్రంగా, గీతలు మెరుస్తూ ఉన్నాయి. అలవాటు కొద్దీ వరసగా అన్నీ చూసి, మైకు తగిలించి మాట్లాడితే చుక్క గరగర లేకుండా పలికింది. ఇది బాగానే ఉందే అన్నాను.

"బాగానే ఉన్నాది, పిలిసేవోలే లేరు. అమ్మ పోయినాది. ఇప్పుడు ఫోనే దారి సూపిస్తాది" అన్నాడాయన. అప్పుడు తెలిసింది, ఆ కొడుకు ఇతనేనని.

ఈ రోజుల్లో నా బల్ల మీదికి వచ్చేవన్నీ విప్పడానికి వీల్లేకుండా మూసిన బోర్డులే. పాతది లాగి కొత్తది పెట్టడమే పని. వాటి కోసం ఎవరు ఎక్కడ ఎదురుచూస్తున్నారో ఎవరూ చెప్పరు, నేనూ అడగను, అడిగే ఓపికా లేదు. చెడిపోయినదాన్ని ఏ వరసలో చూడాలో నాకు తెలుసు, చెడనిదాన్ని ఎక్కణ్ణుంచి విప్పాలో తెలీదు. ఆయన వెళ్ళాక స్క్రూడ్రైవర్ అందుకుని, లోపలి సామాను ఏదీ విప్పకుండానే మూత బిగించేశాను.