చక్రం కింద కొబ్బరాకు

మొన్న పలాసలో పెళ్లిపందిరి వేస్తున్న ఒక ఇంటి ముందు బండి ఆపాల్సి వచ్చింది. ఇద్దరు మనుషులు పచ్చి కొబ్బరిమట్టల్ని నిలువునా చీలుస్తున్నారు. ఎక్కడో జీడిపిక్కలు కాలుస్తున్న పొగ. ఆకు చర్రున చిరిగిన చప్పుడు వినగానే నా చేయి స్టీరింగు మీద అలాగే ఉండిపోయింది. వాళ్లకది పెళ్లి చప్పుడు. నాకు మాత్రం లోకనాథం మావ బండి కింద దూరి, నడుం పట్టేసి, లేవలేక నన్ను తిడుతున్నట్టే అనిపించింది. వెనకాల ఆటోవాడు హారను కొట్టి కొట్టి, చివరికి దిగివచ్చి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉందని చెప్పాను. మావ పోయిన దగ్గర్నుంచీ ఎప్పుడూ లేనంత బెంగగా ఉందని దారినపోయేవాడికి ఏం చెబుతాం?

మావ అన్నానే గానీ ఆయన నాకు చుట్టం కాదు. మా వైపు ఆ పిలుపుకు చుట్టరికం అక్కర్లేదు. కంచిలి దగ్గర సముద్రం వైపు తోటల్లో కొబ్బరి, జీడిమామిడి ఉన్న రైతు ఆయన. నేను టెక్కలిలో డిగ్రీ చదివి, ఉద్యోగాల కోసం చెప్పులరిగేలా తిరిగి, పెళ్లి కూడా అయ్యాక ఆయన పికప్ బండికి డ్రైవరుగా కుదిరాను. కొబ్బరికాయలూ జీడిపిక్కలూ పలాస చేర్చడం నా పని. పక్క సీట్లో కూర్చుని నా డ్రైవింగుకు వంకలు పెట్టడం ఆయన పని. మంచివాడే, కానీ మాట పడే మనిషి కాదు. ఊళ్లో ఎవరైనా తనకంటే పెద్ద అరుగు కట్టించుకున్నా అది తనని తిట్టినట్టే లెక్క.

ఆ పంతం బండి మీదికీ పాకింది. మా బండికి ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉండవు. దేనికది విడిగా పైకీ కిందికీ ఆడుతుంది. ఒక్కో చక్రం బరువునీ ఒక పొడవాటి ఇనుప కడ్డీ మెలి తిరుగుతూ మోస్తుంది. దాని చివరనున్న బోల్టు బిగిస్తే బండి ముందుభాగం లేస్తుంది. ఇసుకదారిలో బండి అడుగు నేలకి తగలకూడదని తోటల్లో బళ్లున్నవాళ్లందరూ దాన్ని కాస్తో కూస్తో బిగిస్తారు. మావకి కాస్తతో సరిపోదు. ఇంకొకరి బండి కొంచెం లేచిందని తెలిస్తే చాలు, తెల్లారేసరికి పానా పట్టుకుని మా బండి కింద ఉండేవాడు. చివరికి అది మెడ సాచిన కోడిపుంజులా తయారైంది. కంచిలి సెంటర్లో జనం తలెత్తి చూస్తుంటే ఆయన మీసం సవరించుకునేవాడు. నాకూ గర్వంగానే ఉండేది, దాచడం దేనికి.

ఆయన భార్య దాలమ్మని నేను అత్త అనేవాణ్ణి. అత్తకి కిడ్నీలు పాడయ్యాయి. ఇంటింటా ఆ జబ్బున్న మా ఉద్దానంలో ఈ మాటకి ఎవరూ ఉలిక్కిపడరు. తోడు ఎవరెళ్తున్నారని అడుగుతారు, అంతే. రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. అంబులెన్సు తోట మొగదలే ఆగిపోయేది. అక్కణ్ణుంచి ఇంటిదాకా ఇసుక, జీడివేర్లు, వానకు కోసుకుపోయిన గోతులు. పలాసలో గది తీసుకుందామంటే అత్త ససేమిరా అంది. అందుకని కాయలు మోసే బండే ఆమెనీ మోసేది.

ఒక వానాకాలం సాయంత్రం ఆస్పత్రి నుంచి తిరిగి వస్తున్నాం. మావ మధ్యలో, అత్త కిటికీ వైపు. తోటలో కుడి చక్రం జీడివేరు ఎక్కింది. ఎడమ చక్రం పక్కనున్న గోతిలోకి దిగాలి. దిగలేదు, గాలిలో వేలాడింది. బండి ఒక్క క్షణం అలా ఊగి, మొత్తం బరువుతో ఎడమవైపుకి దభీమని కూలబడింది. బోల్తా కొట్టలేదు గానీ, అత్త చేయి తలుపుకి కొట్టుకుంది. అంతకుముందే సూదులు తీసి కట్టు కట్టిన చేయి. కట్టంతా ఎర్రబడింది. ఆమె ఇంకో చేత్తో దాన్ని నొక్కి పట్టుకుంది. ఇంటి ముందు దిగాక, అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పింది.

"మిషను కాడ పడుకోడానికి నాకు బయ్యం నేదు. ఈ బండెక్కడానికే బయ్యంగుంది. ఇంక నాను రాను."

కోపంలో అందనుకున్నాం. కానీ మళ్లీ పలాస వెళ్లాల్సిన పొద్దున అత్త తలుపు దగ్గర కూర్చుని లేవలేదు. మావ తిట్టాడు, ఆ తర్వాత బతిమాలాడు. ఆయన ఒకరిని బతిమాలడం నేను చూడటం అదే మొదలు. మర్నాటికి అత్త ముఖం ఉబ్బింది, మాట్లాడుతుంటే ఆయాసం. ఇంకొన్నాళ్లు ఇలాగే కూర్చుంటే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మావ నన్ను పిలిచి, బండి ఒక చక్రాన్ని కొబ్బరిమొద్దు మీదికి ఎక్కించమన్నాడు. రెండో చక్రం కింద గొయ్యి తవ్వించాడు. పంచె ఎగ్గట్టి, ఇసుకలో వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. గోతిలో వేలాడుతున్న చక్రాన్ని చేత్తో తడిమి చూశాడు. తర్వాత లోపల్నుంచే, ఎవరితోనో కాదు తనతోనే అన్నట్టు అన్నాడు.

"దిగడానికి చక్రానికి చోటేదిరా? ఆ చోటంతా నానే ముందే వాడీసినాను."

అదీ సంగతి. బండిని ఎత్తడమంటే చక్రాన్ని ముందే కిందికి తోసి పెట్టడం. నిలబడ్డప్పుడే అది చివరిదాకా దిగిపోయి ఉంటే, గొయ్యి వచ్చినప్పుడు ఇంకెక్కడికి దిగుతుంది? మేమిద్దరం అన్నేళ్లూ మీసం సవరించుకున్నది ఆ తప్పుకే.

బోల్టు వదులు చేస్తూ బండిని దించుతూ వచ్చాడు. చక్రం గొయ్యి అడుగుకి తాకినట్టే కనిపించింది, కానీ తాకడం వేరు, నేలను పట్టుకోవడం వేరు. అది తేల్చుకోవడానికి పచ్చి కొబ్బరాకు ఒకటి తుంచి, టైరు కింద పరిచి, చక్రం దించి, ఆకు కొస పట్టుకుని లాగాడు. చక్రం నిజంగా నొక్కి ఉంటే చిరగాల్సిన ఆకు చెక్కుచెదరకుండా వచ్చేసింది. ఇంకా వదులు చేశాడు. మళ్లీ వచ్చేసింది. చివరికి రెండు చక్రాల్నీ కలుపుతూ అడ్డంగా ఉన్న కడ్డీ మీద ఆయన చూపు పడింది. బండి మలుపుల్లో ఒరగకుండా ఉండేందుకు పెట్టిందది. ఒక చక్రం పైకి లేస్తే రెండోదాన్నీ తనతో లాక్కుపోతుంది. దాన్ని విప్పించాడు. అప్పటికి అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మావ ఆకు పరిచి, లాగకుండా పక్కకి జరిగాడు.

"నువ్వే లాగి సూడు," అన్నాడు.

అత్త గోడ పట్టుకుని వచ్చి, వంగి, బాగున్న చేత్తో లాగింది. ఆకు చర్రున చిరిగి సగం ఆమె చేతిలోకొచ్చింది. ఆ సగాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రేపు పొద్దున బేగి లేపమంది.

హైవే మీద ఆ కడ్డీ లేకపోతే బండి ఊగుతుంది. పైగా కంకర మోసే టిప్పర్లు పక్కనుంచి దూసుకుపోతుంటాయి. అందుకని టెక్కలిలో లేతు మిషను దగ్గర రెండు పిన్నులు చేయించాం. తోట మొగదల ఆగి, వచ్చేటప్పుడు పిన్నులు తీసి కడ్డీ వదిలేయడం, వెళ్లేటప్పుడు మళ్లీ తగిలించడం. వెనక బరువు మోసే కమాను కట్టల్లోంచి కూడా చెరో పట్టీ తీయించాడు. దాంతో బండి మెత్తబడి కిందికి దిగింది, మోసే కాయలు తగ్గాయి. కంచిలి సెంటర్లో ఒకాయన, "బండి గొంతుక్కూకుందేటి బావా?" అని నలుగురిలో ఎగతాళి చేశాడు. ఇప్పుడు కొట్లాట తప్పదనుకుని నేను తలుపు తీసుకుని సగం దిగాను.

మావ మాత్రం నవ్వాడు. "అవును బావా, కూకుంది. మా ఆవిడెక్కాల గదా," అన్నాడు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆ మాటలో ఉంది. అంతవరకూ మగతనమంటే తగ్గకపోవడమని నేను నమ్మేవాణ్ణి. ఇంటికెళ్లి ఆ రాత్రి నా భార్యతో కాస్త మెత్తగా మాట్లాడాను. జ్వరమేమో అని ఆమె నా నుదురు పట్టుకుని చూసింది.

అత్త ఆ బండిలో కొన్నేళ్లు తిరిగింది. ఆమె పోయాక, ఇంక బోల్టు బిగిద్దామా, కాయలు ఎక్కువ పడతాయని అడిగాను. ఉండనీ, అలవాటైపోనాది, అన్నాడు. ఖాళీ బండితో వెళ్లినా తోట మొగదల దిగి పిన్నులు తీసేవాడు. ఆ తర్వాత ఆ జబ్బు ఆయనకీ వచ్చింది. అత్త కూర్చున్న కిటికీ వైపు సీటు ఆయనదైంది, వంగే ఓపిక లేక పిన్నుల పని నాదైంది. పలాస బయల్దేరే ముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "ఆకు సూసినావేటి?" చూశాను మావా అంటే నమ్మేవాడు కాదు. చిరిగిన సగం తెచ్చి చేతిలో పెట్టాల్సిందే. దాన్ని వేలికి చుట్టుకుంటూ పలాస దాకా కూర్చునేవాడు. ఒక పొద్దున నేను ఆకు చించి తెచ్చి కిటికీలోంచి అందించాను. ఆయన అడగలేదు, చేయి చాచలేదు. అటువైపు తోటలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆకు ఆయన ఒళ్లో పెట్టి బండి తీశాను. ఆ వెళ్లడమే వెళ్లడం, మావ మళ్లీ ఆ సీట్లో కూర్చుని రాలేదు.

ఇప్పుడు బండి నాదే. తోటల్లోంచి డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు కొందరు నా బండే కావాలంటారు. మొన్న ఆ పందిరి దగ్గర దిగి ఒక ఆకు అడిగి తెచ్చుకున్నాను. మర్నాడు పొద్దున బండిని మొద్దు ఎక్కించి, రెండో టైరు కింద ఆకు పరిచి లాగాను. చర్రున చిరిగింది. చిరిగిన సగం పట్టుకుని ఎప్పట్లాగే కిటికీ వైపుకి నడిచాను. తలుపు దాకా వెళ్లాక గానీ ఆ సీట్లో ఎవరూ లేరని గుర్తురాలేదు.

"సూసినాను మావా," అని, ఆకు సీటు మీద పెట్టాను.